పెద్ద గొడుగు కింద చలి కాచుకోవాలంటే ఏ హీటర్ కొనాలి?

ధనుర్మాసంలో తెల్లవారుజామున మా హోటల్ ముందు కుర్చీలు తుడుస్తుంటే ఒక సంగతి కనిపిస్తుంది. రాత్రి గొడుగు ముడవకుండా వదిలేస్తే, దాని అంచు దాటి బయటికి జరిగిన కుర్చీ మీద మంచు పూసలు పూసలుగా పట్టి ఉంటుంది. గొడుగు నడిమిన ఉన్న కుర్చీ మాత్రం పొడిగా ఉంటుంది. ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేలా, కుర్చీ, మనిషి ఒళ్లూ అన్నీ తమ వేడిని పైకి వదిలేస్తుంటాయి. మధ్యలో గుడ్డ అడ్డం ఉంటే అంతగా పోదు. అంటే హీటర్ కొనకముందే గొడుగు మీకు కొంత పని చేసి పెడుతోంది. మిగిలిన చలికి మాత్రమే మీరు డబ్బు పెట్టాలి. ఆ మిగిలింది ఎంతో తెలియకుండా దుకాణానికి పోతే తప్పు వస్తువు కొంటారు.

నార్కట్‌పల్లి దాటాక విజయవాడ హైవే పక్కన మాదో చిన్న టిఫిన్ హోటల్. లోపల నాలుగు బల్లలు, బయట ఆరు గొడుగులు. సంక్రాంతి ముందు రోజుల్లో పంతంగి టోల్ దగ్గర ఆగి ఆగి వచ్చిన బండ్లన్నీ తెల్లవారేసరికి మా ముందు ఉంటాయి. లోపల జాగా చాలదు, బయట కూర్చోవాల్సిందే. పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని వణుకుతూ ఛాయ్ తాగే తల్లుల్ని చూసి హీటర్లు పెట్టాలనుకున్నాను. అందరిలాగే ముందు హీటర్ కొన్నాను, తర్వాత గొడుగు చూశాను, ఆఖర్న వైరు సంగతి ఆలోచించాను. మీరు దీన్ని తిరగేసి చేయండి. ముందు గాలి, తర్వాత గొడుగు, ఆ తర్వాత వైరు, అన్నిటికంటే చివర హీటర్. మీది హోటల్ కాకపోయినా, ఇంటి వాకిట్లోనో డాబా మీదనో ఒక్కటే గొడుగు ఉన్నా, వరుస ఇదే.

ముందు గాలి చూడండి

మీరు ఏ వేళకు గొడుగు కింద కూర్చుంటారో ఆ వేళకే ఒక ఊదుబత్తి వెలిగించి బల్ల మీద పెట్టండి. పొగ నిటారుగా జానెడు లేచిందంటే మీ జాగా మంచిది. వెలిగించిన వెంటనే అడ్డంగా పడుకుందంటే ఎంత ఖరీదైన హీటర్ పెట్టినా సుఖం ఉండదు, ముందు గాలి సంగతి చూడాలి. మన దగ్గర చలికాలం గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచి వస్తుంది. ఆ వైపు గోడ ఉంటే గొడుగును గోడ చాటుకు జరపండి. గోడ లేకపోతే ఇనుప పైపులకు గ్రీన్ నెట్ రెండు మడతలు వేసి కట్టండి. కూర్చున్న మనిషికి నాలుగడుగుల ఎత్తు చాలు. పాలమూరు వైపు వాకిళ్లకు కంది కట్టెల దడి కడతారు, గాలిని బాగా ఆపుతుంది. కానీ ఎండిన కట్టె కాబట్టి హీటర్‌కు దగ్గరగా వద్దు, గొడుగు అంచుకు రెండు మూడు అడుగుల అవతల కట్టండి.

నాలుగు వైపులా ప్లాస్టిక్ షీట్ దించి గదిలా చేసేయాలని చాలామందికి అనిపిస్తుంది. కరెంటు హీటర్ అయితే ఒకటి రెండు వైపులు దించినా ఫర్వాలేదు, షీట్‌కు వేడి తగలకుండా చూసుకోవాలి. మంట ఉన్నదేదైనా లోపల ఉంటే మాత్రం ఒక్క వైపు కూడా దించకండి. కారణం కిందికి వస్తే చెబుతాను.

నీరెండలాంటి వేడి కావాలి

మొదటి ఏడాది ఇంట్లో గదికి వాడే బ్లోయర్ తెచ్చి గొడుగు కింద పెట్టాను. దాని ముందు జానెడు దూరంలో చేయి పెడితే వెచ్చగా ఉంది, రెండడుగులు వెనక్కి వస్తే ఏమీ లేదు. బ్లోయర్ అయినా, నూనె నింపిన రేడియేటర్ అయినా గాలిని వేడి చేసేవే. గదిలో ఆ గాలి గోడల మధ్య నిలుస్తుంది, ఆరుబయట నిలవదు. వాటిని బయటికి తేవద్దు.

మనకు కావాల్సింది ఎండలాంటి వేడి. జనవరిలో పొద్దున ఎనిమిదింటికి చెట్టు నీడలో నిలబడితే ఇగం పెడుతుంది, ఒక్క అడుగు నీరెండలోకి వేస్తే హాయిగా ఉంటుంది. గాలి రెండు చోట్లా ఒకటే, తేడా ఒంటి మీద నేరుగా పడే వేడిది. ఇన్‌ఫ్రారెడ్ హీటర్లు ఇలాగే పనిచేస్తాయి. మధ్యలో ఉన్న గాలితో పెద్దగా పని లేకుండా ఎదురుగా ఉన్న మనిషిని, కుర్చీని వేడి చేస్తాయి.

వీటిలో మూడు రకాలు దొరుకుతాయి. హాలోజన్ రాడ్ స్విచ్ వేసిన క్షణంలోనే కాలుతుంది, కొంత గాలిలోనూ బాగా పనిచేస్తుంది. వెలుతురు మాత్రం కంటికి కొట్టేంత ఎర్రగా ఉంటుంది. కార్బన్ రాడ్ కొద్ది సెకన్లు తీసుకుంటుంది, వెలుతురు తక్కువ, వేడి మెత్తగా ఉంటుంది. సిరామిక్ రకానికి వెలుతురే ఉండదు, చూడటానికి బాగుంటుంది, కానీ పూర్తిగా వేడెక్కడానికి ఐదు పది నిమిషాలు పడుతుంది, గాలి వీస్తే దాని వేడిలో చాలా భాగం గాలికే పోతుంది. ఛాయ్ తాగే మనిషి పది నిమిషాలు కూర్చుంటాడు. సిరామిక్ వేడెక్కేలోపు ఆయన డబ్బులిచ్చి బండెక్కుతాడు. అందుకే రోడ్డు పక్క హోటల్‌కు హాలోజన్ పెట్టమంటాను. నాలుగు వైపులా ప్రహరీ ఉన్న ఇంటి వాకిట్లో, అమ్మానాన్నలు గంటసేపు కూర్చుని మాట్లాడుకునే చోట కార్బన్ మంచిది. సిరామిక్ అచ్చంగా గాలి లేని వరండాలకు.

గ్యాస్ గొడుగు కింద వద్దే వద్దు

ఫంక్షన్ హాళ్ల లాన్లలో పుట్టగొడుగు ఆకారంలో నిలువెత్తు గ్యాస్ హీటర్లు చూసి ఉంటారు. అవి పైన ఆకాశం తప్ప ఏమీ లేని చోట పెట్టాల్సినవి. వాటి నెత్తి మీద గుడ్డ ఉండకూడదు. పెద్దవి 13 కిలోవాట్ల దాకా ఉంటాయి. 1 కిలో గ్యాస్ కాలితే దాదాపు 12.8 కిలోవాట్ గంటల వేడి వస్తుంది కాబట్టి పూర్తి మంట మీద గంటకు సుమారు కిలో గ్యాస్ తాగుతాయి. 19 కిలోల కమర్షియల్ సిలిండర్ పట్టుమని 19 గంటలు రాదు. నీళ్లు గడ్డకట్టే చలి దేశాలకు తగ్గట్టు చేసిన వస్తువు అది. ఫ్రాన్స్‌లో 2022 ఏప్రిల్ నుంచి హోటళ్ల బయటి బల్లల దగ్గర ఆరుబయట హీటర్లు పెట్టడమే నిషేధించారు, అంత కరెంటూ గ్యాసూ వృథా అవుతున్నాయని. మన దగ్గర మామూలు చలి రాత్రి 12 నుంచి 16 డిగ్రీలు, బాగా చలిగాలులు వచ్చిన రోజుల్లో 10కి దగ్గరగా పోతుంది. దానికి అంత మంట అక్కర్లేదు. ఇంటి సిలిండర్, అదే 14.2 కిలోలది, హోటల్లో వాడటం చట్టప్రకారం తప్పు అని కూడా గుర్తుపెట్టుకోండి.

బొగ్గుల కుంపటి మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది, మా నానమ్మ చివరిదాకా దాని ముందే కూర్చుంది. ఆరుబయట దానికి నేను అడ్డు చెప్పను. గొడుగు గుడ్డ కింద మాత్రం ఒక్క నిప్పురవ్వ చాలు. ఇక ఇందాక అన్న షీట్ల సంగతి. చుట్టూ షీట్లు దించి బొగ్గు గానీ గ్యాస్ గానీ కాలిస్తే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మగత వచ్చి మనిషి అక్కడే ఒరిగిపోతాడు. దయచేసి ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా వినకండి.

మీ గొడుగు హీటర్‌ను మోయగలదా?

గొడుగు హీటర్ అంటే సాధారణంగా నడిమి పైపుకు క్లాంపుతో బిగించే, మూడు చేతులున్న హీటర్. ఒక్కో చేతికి 500 వాట్లు, మొత్తం 1500. చేతులు చుట్టూ విచ్చుకుని వేడిని కిందికి, బయటికి వేస్తాయి. గొడుగు నడిమి పైపు ఉన్న రకమైతేనే ఇది కుదురుతుంది. పక్కన స్తంభం నిలబెట్టి గొడుగును వేలాడదీసే రకానికి ఇది కాదు, స్తంభానికి కట్టినా వేడి ఒక వైపే పడుతుంది. వాళ్లు గోడకు బిగించే హీటర్ తీసుకోవాలి.

టేపు తీసుకుని మూడు కొలతలు రాసుకోండి. పైపు మందం ఎంత? 38 మిల్లీమీటర్లు, 48 మిల్లీమీటర్లు ఎక్కువగా కనిపిస్తాయి, క్లాంపు దానికి సరిపోవాలి. రబ్బరు ముక్కలు కుక్కి బిగిస్తే వేడికి మెత్తబడి జారుతుంది. రెండోది, నేల నుంచి గుడ్డ అంచు దాకా ఎత్తు. హీటర్ నేల నుంచి ఏడడుగుల దగ్గర ఉండాలి, నిలబడిన మనిషి తల తగలకూడదు. దాని పైన గుడ్డకు, హీటర్‌తో వచ్చిన కాగితంలో ఎంత ఎడం రాశారో అంత ఎడం మిగలాలి. మూడోది గొడుగు వెడల్పు. తొమ్మిదడుగులు, అంతకు పైన ఉంటేనే హీటర్ పెట్టండి. ఆరడుగుల గొడుగులో గుడ్డ వాలు హీటర్ చేతుల మీదికే వచ్చేస్తుంది.

పైపు ఇనుముదో అల్యూమినియందో కావాలి. వెదురుకూ పలుచటి కర్రకూ వద్దు. గుడ్డ సంగతి ఇంకా ముఖ్యం. మన దగ్గర కంపెనీల ప్రకటనలతో వచ్చే గొడుగులు చాలావరకు పలుచటి పాలిస్టర్. పాలిస్టర్ 250 డిగ్రీలు దాటాక కరుగుతుంది కానీ అంతకు చాలా ముందే మెత్తబడి ముడుచుకుంటుంది. మందపాటి యాక్రిలిక్ గుడ్డ, అదీ మంటను తట్టుకునేలా తయారుచేసిందని రాసి ఉన్నది దొరికితే దానికి ఖర్చు పెట్టండి. హీటర్‌లో మిగిల్చినా గుడ్డలో మిగల్చకండి.

మా మొదటి గొడుగులో ఒక చోట బొటనవేలంత చిల్లు ఉంది. చుట్టూ అంచు నల్లగా, గట్టిగా, గోటితో గీకితే చిన్న పెళ్లలా ఊడుతుంది. ఒక రాత్రి హోటల్ కట్టేసే హడావుడిలో మా దగ్గర పనిచేసే తమ్ముడు హీటర్ ఆపిన వెంటనే గొడుగు ముడిచాడు. గుడ్డ వచ్చి వేడి రేకుకు అంటుకుంది. "అన్నా, ఏదో కాలిన వాసనొస్తుంది" అని వాడే అరిచాడు కాబట్టి సరిపోయింది. తప్పు వాడిది కాదు, నేను చెప్పలేదు. ఆపాక కనీసం అరగంట ఆగాలి, రేకు మీద చేయి పెట్టి చల్లగా ఉందనుకున్నాకే ముడవాలి. ఇప్పుడు మా దగ్గర మొదట హీటర్లు ఆపుతాం, తర్వాత గిన్నెలు కడుగుతాం, ఆఖర్న గొడుగులు ముడుస్తాం.

మరి హఠాత్తుగా గాలి లేస్తే? వేడి హీటర్ ఉన్న గొడుగును అప్పటికప్పుడు ముడవలేరు కాబట్టి దిమ్మె బరువుగా ఉండాలి. పైన మూడు నాలుగు కిలోల హీటర్ చేరాక గొడుగు తల బరువెక్కుతుంది. 20 లీటర్ల పెయింట్ డబ్బాలో నడిమిన పైపు నిలబెట్టి కంకర కాంక్రీటు నిండా పోస్తే దాదాపు 48 కిలోలు వస్తుంది. గాలి తక్కువ ఉన్న వాకిలికి అది చాలు. హైవే పక్కన అయితే నేలలోనే అడుగున్నర గుంత తీసి, ఇనుప పైపు దించి కాంక్రీటు పోయించండి.

నెత్తి కాలుతుంది, కాళ్లు ఇగం

ఇది ఏ దుకాణదారూ చెప్పడు. హీటర్లు పెట్టిన వారానికి ఒక లారీ డ్రైవరన్న ఇడ్లీ తింటూ అన్నాడు: "మంచిగనే పెట్టినవ్ గానీ అన్నా, నెత్తి కాలుతుంది, కాళ్లు మాత్రం ఇగం పెడుతున్నయ్." కూర్చుని చూశాను, నిజమే. ఇన్‌ఫ్రారెడ్ వేడి వెలుతురులాగే సూటిగా పోతుంది. పైన ఉన్న హీటర్‌కు బల్ల పలక అడ్డం. దీపానికి బల్ల కింద ఎలా నీడ పడుతుందో వేడికీ అలాగే పడుతుంది. మోకాళ్ల కింద మొత్తం ఆ నీడలోనే ఉంటుంది.

అందుకే మూడు చేతులున్న హీటర్‌లో ఒక్కో చేయీ విడిగా వంగేదే తీసుకోండి. వాటిని నడినెత్తికి కాకుండా కాస్త బయటికి, కూర్చున్న వాళ్ల భుజాలు, ఛాతీ మీద పడేట్టు వంచండి. బల్ల వెడల్పు తగ్గించండి, రెండడుగుల గుండ్రటి బల్ల చాలు. కాళ్ల కింద సిమెంటు నేల చలిని లాగుతుంది, గోనె సంచి రెండు మడతలు వేసి పరిస్తే ఎంత తేడా వస్తుందో చూసి మీరే ఆశ్చర్యపోతారు. ఇంట్లో పెద్దవాళ్ల కోసం అయితే ఒక గొంగడి కుర్చీ మీద వేసి ఉంచండి, మోకాళ్ల మీద కప్పుకుంటే పైన హీటర్ ఒక చేయి ఆపేసినా సరిపోతుంది.

బల్ల కింద కాళ్ల దగ్గర పెట్టే చిన్న హీటర్లు కూడా వస్తున్నాయి. చీర కొంగు, పిల్లల చేతులు, పిల్లులు, కుక్కలు అన్నీ అక్కడే తిరుగుతాయి. ముఖ్యంగా షుగర్ ఉన్న పెద్దవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు. కాలుతున్నా తెలియదు, బొబ్బ లేచాక చూసుకుంటారు. వాళ్లకు గొంగడే మేలు.

వైరు దగ్గర పొదుపు వద్దు

1500 వాట్ల హీటర్ 230 వోల్టుల మీద ఆరున్నర ఆంప్స్ లాగుతుంది. ఇంట్లో ఫ్యాను, ఫోన్ ఛార్జర్ పెట్టే చిన్న ప్లగ్గు 6 ఆంప్స్‌ది. దానిలో పెట్టకండి, 16 ఆంప్స్ పవర్ ప్లగ్గే కావాలి. ఒక్కో గొడుగుకు ఒక్కో పాయింటు, దానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దాని ఎంసీబీ (కరెంటు ఎక్కువ లాగితే దానంతట అదే పడిపోయే స్విచ్) విడిగా. అన్నిటికీ కలిపి 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకై షాక్ కొట్టేలా ఉంటే వెంటనే ఆపేసే స్విచ్) తప్పకుండా పెట్టించండి. మంచు పడే జాగా, తడి చేతులు, ఇనుప పైపు మూడూ ఒక్క చోట ఉన్నాయని మరవొద్దు. ఎర్తింగ్ ఉందో లేదో కరెంటు మేస్త్రీ నోటి మాటగా చెబితే చాలదు, మీ ముందు పరీక్షించి చూపమనండి.

చుట్ట చుట్టి ఉన్న ఎక్స్‌టెన్షన్ వైరు మీద హీటర్ నడిపితే చుట్ట లోపల వేడి పేరుకుని పైతొడుగు కరుగుతుంది. తప్పనిసరై వాడితే మొత్తం విప్పండి. బండ్లు తిరిగే చోట వైరు నేల మీద పరవకుండా పైపులో వేసి పూడ్చండి. గోనె సంచి కింద దాచడం అన్నిటికంటే ప్రమాదం.

ఆరు హీటర్లు ఒకేసారి వేస్తే 9 కిలోవాట్లు. మీ మీటరుకు మంజూరైన లోడు ఎంతో బిల్లు మీద చూడండి. తక్కువ ఉంటే ముందే అదనపు లోడుకు దరఖాస్తు పెట్టుకోండి. త్రీఫేజ్ ఉంటే మూడు ఫేజులకు సమంగా పంచమనండి. ఖర్చు లెక్క సులువే: ఒక హీటర్ రోజుకు మూడు గంటలు నడిస్తే నాలుగున్నర యూనిట్లు, నెలకు 135. మీ బిల్లులో ఆఖరి శ్లాబు రేటుతో గుణించుకోండి. మేం రోజుకు మూడు గంటలే నడుపుతాం, అదీ మనిషి కూర్చున్న గొడుగుకే.

ఊళ్లలో ఇంకో ఇబ్బంది ఉంది. యాసంగి మోటర్లు నడిచే వేళ వోల్టేజీ పడిపోతుంది. 230 ఉండాల్సింది 200కి వస్తే 1500 వాట్ల హీటర్ దాదాపు 1130 వాట్ల వేడే ఇస్తుంది. హీటర్ చెడిపోయిందని దుకాణానికి మోసుకుపోయే ముందు మీటరు పెట్టి వోల్టేజీ చూడండి. ఇక ఇంటి ఇన్వర్టర్ మీద దీన్ని నడపాలని ఆలోచించనే వద్దు.

ఇప్పుడు దుకాణానికి పొండి

రాసుకున్న మూడు కొలతల కాగితం జేబులో పెట్టుకోండి. డబ్బా మీద ఐపీ అంకె చూడండి, దుమ్మునూ నీటినీ ఎంత తట్టుకుంటుందో అది చెబుతుంది. రెండో అంకె నీటికి సంబంధించింది. ఐపీ 44 అంటే చినుకులు, మంచు తట్టుకుంటుంది, గొడుగు కింద అది కనీసం. హైవే దుమ్ము ఉన్న చోట ఐపీ 55 తీసుకోండి, మొదటి అంకె దుమ్ము గురించే. అంకె లేదంటే అది గదిలో వాడే వస్తువు, బయటికి వద్దు. ఒరిగితే దానంతట అదే ఆగే స్విచ్ ఉండాలి. ఒక్కో చేతికి విడి స్విచ్ ఉంటే కరెంటు ఆదా అవుతుంది. ఐఎస్ఐ గుర్తు చూడండి. విడి రాడ్ దొరుకుతుందా అని అడగండి, దొరకదంటే ఇంకో రకం చూపించమనండి. అక్కడే ప్లగ్గులో పెట్టించి ఐదడుగుల దూరం నుంచి వీపు మీద వేడి చూసుకోండి. మొహం కంటే వీపుకు వేడి తేడా బాగా తెలుస్తుందని నాకనిపిస్తుంది.

బిగించిన మొదటి రోజు అరగంట నడపండి. తర్వాత స్టూలు ఎక్కి గొడుగు పైవైపు నుంచి, సరిగ్గా హీటర్ చేతుల మీద గుడ్డకు అరచేయి ఆనించండి. ఐదు లెక్కపెట్టేదాకా చేయి ఉంచగలిగితే ఫర్వాలేదు. ఉంచలేకపోతే హీటర్‌ను దించండి. ప్లగ్గును కూడా ముట్టుకోండి, గోరువెచ్చన దాటి ఉంటే లోపల వదులు ఉన్నట్టే, మేస్త్రీని పిలవండి. క్లాంపు బోల్టులు వారం తర్వాత మళ్లీ పానాతో బిగించండి, వేడికి సాగి కాస్త వదులవుతాయి.

హాలోజన్ రాడ్‌ను వట్టి చేత్తో ముట్టుకోవద్దు. చేతి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ వేడెక్కి త్వరగా పోతుంది. వెనక రేకు మీద దుమ్ము పడితే వేడి సగంలోనే ఆగుతుంది, కాబట్టి వారానికోసారి ప్లగ్గు పీకి పొడి గుడ్డతో తుడవండి.

శివరాత్రికి చలి శివ శివా అంటూ పోతుందంటారు కదా, ఆ వారంలోనే హీటర్లు దించండి. క్లాంపు బోల్టులకు గ్రీజు రాసి, రాడ్లకు నూలు గుడ్డ చుట్టి, వచ్చిన డబ్బాలోనే పెట్టి అటక మీదికి ఎక్కించండి. వైరు చుట్టను మాత్రం డబ్బాలో వదలకండి. ఎలుకలు కొరుకుతాయి, రేకు డబ్బాలో మూత పెట్టి ఉంచండి.